మన వికీ వ్యాసం వారి సైటులో, వారి పేరుతో: ఏం చేయాలి?

కాలువగట్టు (విల్లివాక్కం) | శనివారం, సాయంత్రం 6.40

మిత్రులకు నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత చెన్నైలోనే ఉండిపోయిన వాణ్ణి. తెలుగు వికీపీడియాలో 2017 నుంచి రాస్తున్నాను. రాసిన వ్యాసాలు ఎన్నో లేవు కానీ, బకింగ్‌హాం కాలువ గురించి రాయడానికి మాత్రం ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంలో వారానికి రెండు రోజులు కూర్చుని, పాత గెజిటీర్లు తిరగేసి, నోటు పుస్తకంలో ఎత్తి రాసుకుని, ఇంటికి వచ్చి టైపు చేసేవాణ్ణి. బేసిన్ బ్రిడ్జి దగ్గర కాలువ ఫొటో కూడా నేనే తీసి, వికీ ఫొటోల భండారమైన వికీమీడియా కామన్స్‌లో పెట్టాను.

మా పై వాటాలో గూడూరు అమ్మాయి ఒకతె ఉంటుంది. గ్రూప్-2 పరీక్షకు చదువుకుంటోంది. మొన్న మెట్ల మీద ఎదురుపడి, “తాతయ్యా, కూవం నదినీ అడయారు నదినీ కలిపే కాలువ ముక్కను ఏ సంవత్సరంలో తవ్వారు?” అని అడిగింది. ధాత కరువు రోజుల్లో, 1877-78లో, కూలీలకు పని చూపించడం కోసం తవ్వించారని చెప్పాను. “కాదండీ, 1887-88” అంటూ ఒక పరీక్షల సైటు నుంచి అచ్చు తీసుకున్న కాగితం చూపించింది. రెండు వాక్యాలు చదివేసరికి నాకు చెమట పట్టింది. అవి నా వాక్యాలు. “కడుపు నింపుకోవడానికి వచ్చిన చేతులే ఈ కాలువను తవ్వాయి” అని నేను ఎంతో ఆలోచించి రాసుకున్న మాట మక్కీకి మక్కీ అక్కడ ఉంది. వికీలో దిద్దడానికి ఉపశీర్షిక పక్కన ఉండే “[మార్చు]” అనే మాటను కూడా తీయకుండా వదిలేశారు.

ఇంటికి వెళ్ళి వ్యాసం చరిత్ర పేజీ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే పేజీ) తెరిచాను. 2019 ఫిబ్రవరి 11 రాత్రి నేనే పొరపాటున 1887-88 అని కొట్టాను. చర్చ పేజీలో మరొక వాడుకరి ఎత్తిచూపగా 14వ తేదీ ఉదయం దిద్దుకున్నాను. అంటే ఆ తప్పు వికీలో ఉన్నది రెండున్నర రోజులు. ఆ రెండున్నర రోజుల్లోనే ఎవరో వచ్చి పేజీ మొత్తం ఎత్తుకుపోయారన్న మాట. దొంగ పట్టుబడడానికి నా తప్పే నాకు సాక్ష్యం కావడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ సైటులో వికీపీడియా పేరు ఎక్కడా లేదు. నా ఫొటో మీద అడ్డంగా వారి ముద్ర ఉంది. పేజీ అడుగున “సర్వహక్కులు మావే, అనుమతి లేకుండా కాపీ చేయరాదు” అని ఉంది. మౌసు కుడి మీట నొక్కితే హెచ్చరిక వస్తోంది. పేజీ చుట్టూ కోచింగు సెంటర్ల ప్రకటనలు. వికీ సమాచారాన్ని వ్యాపారానికి వాడకూడదని నా నమ్మకం. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ వారికి రాస్తే వారే దావా వేస్తారా? తెలిసినవారు చెప్పగలరు.

సర్వర్_గది (తిరువాన్మియూరు) | శనివారం, రాత్రి 8.05

కాలువగట్టు గారూ, మీ బాధ న్యాయమైనదే కానీ మీ నమ్మకం సరైనది కాదు. వికీపీడియా పాఠ్యాన్ని వ్యాపారానికి వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పుస్తకంగా అచ్చు వేసుకోవచ్చు. దీనిలో దాపరికం ఏమీ లేదు. మీరు “ప్రచురించు” మీట నొక్కిన ప్రతిసారీ ఒప్పుకుంటున్న షరతు అదే. మొదట్లో గ్నూ స్వేచ్ఛా పత్ర లైసెన్సు ఉండేది, 2009 జూన్‌లో దానికి తోడుగా క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 3.0 వచ్చింది, 2023 జూన్ నుంచి దాని 4.0 రూపం నడుస్తోంది. వీటిలో ఏదీ వ్యాపారాన్ని నిషేధించలేదు. నిజానికి, కాపీ చేసుకోవడానికి దొంగతనంగా రావలసిన అవసరం కూడా లేదు. మొత్తం సమాచారాన్ని మూటగట్టి ఎవరైనా దించుకునేందుకు వీలుగా ఫౌండేషనే క్రమం తప్పకుండా బయట పెడుతుంది.

అయితే ఇచ్చినది ఉత్తి చేతులతో ఇవ్వలేదు. ఎవరు రాశారో చెప్పాలి. పాఠ్యం విషయంలో వ్యాసం పేజీకి లింకు ఇస్తే చాలునని వికీ వాడుక నియమాలే వెసులుబాటు కల్పించాయి. ఏ లైసెన్సు కింద ఉందో చెప్పాలి. మార్పులు చేస్తే చేశామని చెప్పాలి. ఆ మార్చిన దాన్ని మళ్ళీ అదే లైసెన్సు కింద వదలాలి. అంటే మీ కాలువ వ్యాసాన్ని దిద్ది మెరుగుపరిచిన సైటు, ఆ మెరుగుపరిచిన రూపాన్ని కూడా పక్కవాడు కాపీ చేసుకోనివ్వాలి. “సర్వహక్కులు మావే” అన్న ఒక్క ముక్కతో వారు ఈ చివరి షరతును తుంగలో తొక్కారు. నా దృష్టిలో పేరు చెప్పకపోవడం కన్నా ఇది పెద్ద తప్పు. పేరు చెప్పకపోతే పోయేది మీ ఒక్కరి గౌరవం. తలుపు మూసేస్తే ఆ పేజీ మీదుగా వచ్చే ప్రతి పాఠకుడి హక్కూ పోతుంది.

ఫొటో సంగతి వేరు. కామన్స్‌లో ఏ ఫొటో లైసెన్సు దానిదే. వ్యాసానికి లింకు ఇస్తే ఫొటోకు సరిపోదు, తీసినవారి పేరు అక్కడే చెప్పాలి. మీరు ఎక్కించిన పేజీలో ఏ లైసెన్సు ఉందో ఒకసారి చూసి రాయండి.

మాంబళం_మాస్టారు | శనివారం, రాత్రి 9.30

సర్వర్_గది గారు చెప్పిన చట్టం చట్టమే, కాదనను. కానీ ఊరంతా కలిసి తవ్వుకున్న చెరువులో నీళ్ళు ముంచుకుని సీసాల్లో పోసి, పైన తన పేరు అంటించి, ఆ ఊరివాళ్ళకే అమ్మేవాణ్ణి ఏమనాలి? అత్త సొమ్ము అల్లుడు ధారపోయడమనే సామెత విన్నాం. ఇక్కడ అల్లుడు ధారపోయడం లేదు, వడ్డీకి తిప్పుతున్నాడు.

ఇదే ఊళ్ళో కొమర్రాజు లక్ష్మణరావు గారు ఒంటిచేత్తో అన్నంత పనిగా తెలుగు విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. “అ”కారంతో మొదలయ్యే విషయాలకే మూడు సంపుటాలు పట్టాయి. ఆ పని పూర్తికాకుండానే 1923లో ఇక్కడే కన్నుమూశారు. ఆ తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పనిని తలకెత్తుకున్నారు. వారికి జీతాలు లేవు, కానీ పుస్తకం అట్ట మీద పేరు ఉంది. వికీలో రాసేవారికి ఆ అట్ట కూడా లేదు. చరిత్ర పేజీలో ఒక వరుస ఉంటుంది, అంతే. ఆ ఒక్క వరుసకు లింకు ఇవ్వడానికి కూడా చేతులు రాకపోతే, వ్యాపారానికి ఇవ్వనే వద్దని లైసెన్సు మార్చుకోవడం మంచిది కాదా?

పాత_అచ్చు (షావుకారుపేట) | ఆదివారం, ఉదయం 7.15

మాస్టారు గారూ, నలభై ఏళ్ళుగా అచ్చు పనిలో ఉన్నవాడిగా ఒక మాట. వ్యాపారానికి వద్దు అని గీత గీస్తే, ఆ గీత ఎక్కడ గీస్తారు? ప్రకటనలు వేసే పత్రిక వ్యాపారమే. ఫీజు తీసుకునే బడి వ్యాపారమే. వికీ వ్యాసాలను పెన్‌డ్రైవులో వేసి, ఇంటర్నెట్టు లేని ఊరి గ్రంథాలయానికి రెండు వందలకు ఇచ్చేవాడూ వ్యాపారే. నా మెషీను మీద పేజీకి ఇంత అని తీసుకుంటాను కనుక నేనూ వ్యాపారినే. వీళ్ళందరినీ బయటకు నెడితే వికీ తెర మీదనే ఉండిపోతుంది, కాగితం మీదకు రాదు. వికీపీడియా ఆ నిషేధం పెట్టుకోకపోవడం తెలివితక్కువతనం వల్ల కాదు.

ఇక నా తప్పు కూడా ఒప్పుకుంటాను. 2012లో ఒక గుడి కుంభాభిషేక సంచిక అచ్చు వేశాను. స్థలపురాణం పక్కన చోళుల గురించి ఎనిమిది పేజీల విషయం ఉంది. తెచ్చినాయన పెన్‌డ్రైవులో తెచ్చాడు, నేను వేశాను. ప్రూఫు దిద్దుతుంటే వాక్యాల మధ్య చదరపు గళ్ళల్లో 4, 5, 6 అని అంకెలు కనిపించాయి. అవేమిటో తెలియక, కంటికి అడ్డంగా ఉన్నాయని నేనే తీసేశాను. అవి మూలాల సంఖ్యలని ఆరేళ్ళ తరువాత తెలిసింది. వెయ్యి ప్రతులు. మనవాళ్ళలో చాలామంది చేసేది ఇదే, దొంగబుద్ధితో కాదు.

కోర్టు_వాకిలి (పారీస్) | ఆదివారం, ఉదయం 11.50

ఇది సాధారణ సమాచారం మాత్రమే. నోటీసు ఇచ్చే ముందు మీ కాగితాలు చూసిన న్యాయవాదిని సంప్రదించండి.

మొదట, దావా వేయవలసినది ఫౌండేషనా అన్న ప్రశ్న. కాదు. వికీ వ్యాసాల కాపీహక్కు ఫౌండేషన్‌ది కాదు. ఎవరు రాసిన ముక్క వారిదే. మీరు ఇచ్చినది వాడుకునే అనుమతి, సొత్తు కాదు. అందువల్ల ఉల్లంఘన జరిగితే అడిగే హక్కు మీకే ఉంది. మన దేశంలో కాపీహక్కుకు నమోదు తప్పనిసరి కాదు, రాసిన క్షణంలోనే వస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 51వ సెక్షను ఉల్లంఘన అంటే ఏమిటో చెబుతుంది, 55వ సెక్షను నిషేధాజ్ఞ, నష్టపరిహారం వంటి సివిల్ ఉపశమనాలను ఇస్తుంది, 57వ సెక్షను “ఇది నా రచన” అని చెప్పుకునే హక్కును రచయితకు విడిగా కాపాడుతుంది. 62వ సెక్షను ప్రకారం మీరు నివసించే చోటనే దావా వేసుకోవచ్చు. సైటువారు ఏ ఊళ్ళో ఉన్నా మీరు అక్కడికి పరుగెత్తనక్కర లేదు.

లైసెన్సు షరతు తప్పితే అది కేవలం మాట తప్పడమా, లేక కాపీహక్కు ఉల్లంఘనా అన్న చర్చ అమెరికాలో జరిగింది. 2008లో జేకబ్‌సన్, కాట్జర్ వివాదంలో అక్కడి ఫెడరల్ సర్క్యూట్ న్యాయస్థానం, ఉచితంగా పంచిన సాఫ్ట్‌వేరుకైనా షరతులు షరతులేనని, వాటిని మీరితే కాపీహక్కు ఉల్లంఘన కిందకు వస్తుందని తేల్చింది. డబ్బు పుచ్చుకోలేదు కనుక మీకు నష్టమేమీ లేదు అనే వాదన అక్కడ నిలవలేదు. అది మన కోర్టులను కట్టడి చేసే తీర్పు కాదు, కానీ తర్కం ఉపయోగపడుతుంది.

అయితే రెండు జాగ్రత్తలు చెప్పాలి. మీ వాక్యాలు మీవి. 1877 అనే సంవత్సరం ఎవరి సొత్తూ కాదు. ఈస్టర్న్ బుక్ కంపెనీ, మోదక్ కేసులో మన సుప్రీంకోర్టు 2007లో తీర్పు ఇస్తూ, రచనలో ఎంతో కొంత సృజన ఉంటేనే రక్షణ అని చెప్పింది. జనగణన అంకెలు పేర్చిన వాక్యాలకు, కాలువ మీద మీరు రాసిన వాక్యాలకు ఉన్న తేడా అదే. ఇక 63వ సెక్షనులో జైలు శిక్ష ఉన్నది కదా అని మొదటి ఉత్తరంలోనే దాన్ని ఝళిపించకండి; ఆధారం లేని బెదిరింపులకు 60వ సెక్షను కింద ఎదుటివారే మీ మీద కోర్టుకు వెళ్ళవచ్చు. మీకు ఆధారం ఉంది, నిజమే. అయినా మర్యాదగా మొదలుపెట్టిన ఉత్తరమే న్యాయమూర్తి ముందు బాగుంటుంది.

అన్నిటికన్నా ఆసక్తికరమైన విషయం తేదీలలో ఉంది. 2019లో ఎత్తుకుపోయిన పాఠ్యం నాటికి అమలులో ఉన్నది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు 3.0 రూపం. దాని ప్రకారం షరతు తప్పిన మరుక్షణం అనుమతి రద్దవుతుంది, తిరిగి దానంతటది రాదు. 4.0లో మాత్రం, తప్పు తెలిసిన నాటి నుంచి 30 రోజులలోగా సరిదిద్దుకుంటే అనుమతి తనంతట తానే పునరుద్ధరణ అవుతుంది. ఈ రోజు వారు వచ్చి, ఇప్పుడున్న వ్యాసాన్ని 4.0 కింద కొత్తగా తీసుకుంటే పాత పాపం పోతుందా అంటే, ఇకమీదటి వాడకానికి పోవచ్చు, వెనుకటి ఏళ్ళకు పోదు అని నా అభిప్రాయం, వాదానికి చోటుంది.

కాలువగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 1.10

ఫొటో పేజీ చూశాను. 2018లో ఎక్కించాను, లైసెన్సు 4.0 అని ఉంది. అంటే పాఠ్యానికి ఒక లెక్క, ఫొటోకు ఒక లెక్క! ఇంకొక సందేహం. నేను వికీలో మారుపేరుతో రాస్తాను. ఆ వ్యాసంలో నాతో పాటు మరో పదకొండు మంది అక్షరదోషాలు దిద్దారు, లింకులు చేర్చారు. నేనొక్కణ్ణే అడగవచ్చా?

కోర్టు_వాకిలి | ఆదివారం, మధ్యాహ్నం 1.45

మీ భాగం మేరకు మీరు అడగవచ్చు. ఎవరు ఏ అక్షరం చేర్చారో చరిత్ర పేజీలో తేదీ, గంట, నిమిషంతో సహా ఉంటుంది. ఇంత చక్కని దస్తావేజు నా కక్షిదారుల దగ్గర ఎప్పుడూ ఉండదు. మారుపేరు మీదేనని రుజువు చేయవలసి వస్తే, ఆ ఖాతాతో లాగిన్ అయి మీ వాడుకరి పేజీలో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. కానీ గూగుల్ వంటి వెతుకుడు యంత్రాలకు అమెరికా చట్టం కింద ఫిర్యాదు పెడితే మీ అసలు పేరు ఇవ్వాలి, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకోవాలి, ఆ ఫిర్యాదు బహిరంగంగా కనిపించే అవకాశమూ ఉంది. మన 2013 నాటి కాపీరైట్ నియమాల ప్రకారం లింకులు చూపే మధ్యవర్తి సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 36 గంటలలోగా ఆ లింకును ఆపాలి. కానీ 21 రోజులలో మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే వారు తిరిగి తెరవవచ్చు. అందుకే ముందు సైటువారికే రాయండి.

పెరంబూరు_అక్క | ఆదివారం, సాయంత్రం 5.20

మీరంతా లైసెన్సు చుట్టూ తిరుగుతున్నారు. నాకు దానికన్నా దిగులు కలిగించే విషయం కనిపించింది. కాలువగట్టు గారి సందేశం చదివాక, 1887-88 అనే తప్పు ఇంకెక్కడెక్కడ ఉందో వెతికాను. మరో మూడు పరీక్షల సైట్లలో ఉంది, ఒక యూట్యూబు వీడియోలో ఉంది. అంతవరకు ఆశ్చర్యం లేదు. కానీ తెలుగు వికీపీడియాలోనే, ఒక నది వ్యాసంలో, గత ఏడాది ఒక కొత్త వాడుకరి “1887-88లో ఈ నదిని కాలువతో కలిపారు” అని చేర్చాడు. మూలం లేని వాక్యం కాదు, పద్ధతిగా మూలం ఇచ్చాడు. ఆ మూలం ఏమిటంటారా? కాలువగట్టు గారి వ్యాసాన్ని ఎత్తుకుపోయిన ఆ సైటే!

అంటే వికీలో పుట్టి, రెండున్నర రోజుల్లో చచ్చిన తప్పు, బయటకు వెళ్ళి, చొక్కా మార్చుకుని, ప్రమాణంగా తిరిగి వికీలోకే వచ్చింది. ఆ కుర్రవాణ్ణి తప్పు పట్టలేం. ఆ పేజీలో వికీపీడియా నుంచి తీసుకున్నాం అని ఒక్క ముక్క ఉండి ఉంటే అతను దాన్ని మూలంగా ఇచ్చేవాడే కాదు. పేరు చెప్పడం మర్యాద కోసం మాత్రమే అనుకునేవారు దీన్ని గమనించాలి. నేను ఆ వాక్యాన్ని దిద్ది, చర్చ పేజీలో కారణం రాశాను.

ఇంకో విడ్డూరం. ఇలాంటి సైటును చూసి, మన వ్యాసమే అక్కడి నుంచి కాపీ అయిందని పొరబడి, తొలగించమని హెచ్చరిక పెట్టె (మూస) తగిలించినవారూ ఉన్నారు. నా వ్యాసానికే ఒకసారి జరిగింది. పాత పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ సైటు మొదటి ప్రతి తేదీ వెతికి పట్టుకుని, నా వ్యాసం అంతకన్నా ముందుదని చూపించడానికి ఒక ఆదివారం పోయింది.

పేజీకింత (కొత్త సభ్యులు) | ఆదివారం, రాత్రి 11.35

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి ఖాతా తెరిచాను. తరమణిలోని ఒక చిన్న కార్యాలయంలో మూడేళ్ళు ఇదే పని చేశాను. మీరు చెబుతున్న సైటు మాదో కాదో చెప్పలేను, దయచేసి అడగవద్దు.

పేజీకి నలభై రూపాయలు ఇచ్చేవారు. రోజుకు ముప్ఫై పేజీలు పూర్తి చేయాలి. ఒక పక్క వికీ, ఒక పక్క మా పెట్టె. మొత్తం ఎంచుకుని, కాపీ చేసి, అతికించాలి. చదరపు గళ్ళలోని అంకెలు తీసేయాలి. మొదటి పేరాలో రెండు వాక్యాలను కర్తను కర్మ చేసి తిప్పి రాయాలి, అప్పుడు వెతుకుడు యంత్రం దాన్ని కాపీ అనుకోదని మా పైవారి నమ్మకం. చివర నాలుగు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగు జవాబులు చేర్చాలి. “మూలాలు”, “బయటి లింకులు” విభాగాలు తప్పకుండా తీసేయాలి. బయటికి దారి కనిపిస్తే చదివేవారు వెళ్ళిపోతారు, ప్రకటన మీద నొక్కరు అనేవారు. ముప్ఫయ్యో పేజీ వచ్చేసరికి కళ్ళు మూతలు పడతాయి, అప్పుడే “[మార్చు]” లాంటివి మిగిలిపోతాయి. కాలువగట్టు గారి పేజీ బహుశా సాయంత్రం ఏడు దాటాక చేసినది అయి ఉంటుంది.

లైసెన్సు అనే మాట ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు. “వికీ ఉచితం” అని మాత్రమే విన్నాను. మీరు చెప్పాక ఇవాళ వెళ్ళి చూస్తే, మొదటి పేజీలో “స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం” అని ఉంది. ఉచితం అని ఎక్కడా లేదు.

మాంబళం_మాస్టారు | సోమవారం, ఉదయం 6.10

నాయనా, నిన్ను తిట్టాలని లేచాను. చివరి రెండు వాక్యాలు చదివి మానుకున్నాను. కానీ నీకు నలభై రూపాయలు ఇచ్చిన ఆ పైవారికి స్వేచ్ఛకూ ఉచితానికీ తేడా తెలియదంటే నేను నమ్మను. తెలియనివాడు మూలాల విభాగాన్ని తీసేయమనడు.

నిర్వాహకులు | సోమవారం, ఉదయం 9.00

సైటు పేరు ఊహించి రాసిన రెండు సందేశాలను తొలగించాం. దయచేసి సంస్థల పేర్లు లేకుండా చర్చించండి.

సర్వర్_గది | సోమవారం, మధ్యాహ్నం 2.25

మాస్టారు గారి కోపాన్ని కాస్త పైకి కూడా మళ్ళిద్దాం. పరీక్షల సైట్లు చిల్లర దుకాణాలు. వికీ సమాచారం మీద నడిచే టోకు వ్యాపారం వేరే ఉంది. గూగుల్ 2012 మే నుంచి వెతుకులాట ఫలితాల పక్కన పెట్టెలో సారాంశం చూపిస్తోంది. ఆ సారాంశాల్లో చాలా భాగం వికీ నుంచి వచ్చినవే. అడుగున చిన్న అక్షరాల్లో వికీపీడియా అనే లింకు ఉంటుంది కనుక షరతు తీరుతుంది. కానీ జవాబు అక్కడే దొరికాక పాఠకుడు వికీ గుమ్మం తొక్కడు. గుమ్మం తొక్కనివాడు “మార్చు” మీటను చూడడు, చూడనివాడు రేపు రాయడు. విరాళం సంగతి సరే సరి.

ఫౌండేషన్ దీనికి కనిపెట్టిన మార్గం 2021లో మొదలుపెట్టిన వికీమీడియా ఎంటర్‌ప్రైజ్. పెద్ద కంపెనీలకు వేగంగా, యంత్రాలకు అనువైన రూపంలో సమాచారం అందించి, ఆ సేవకు డబ్బు తీసుకుంటారు. డబ్బు సమాచారానికి కాదు, గొట్టానికి. నీళ్ళు ఎప్పటిలాగే అందరివీ. 2022లో గూగుల్ దీనిలో చేరింది. ఇది లైసెన్సును మార్చకుండానే వ్యాపారుల చేత కొంత ఖర్చు పెట్టించే పద్ధతి కనుక నాకు నచ్చింది. పల్లెటూరి బడికి ఇచ్చినట్టే వారికీ ఇవ్వక తప్పదు, కానీ ట్యాంకరు వేసుకుని వచ్చేవాడు గొట్టానికి కట్టాలి.

కృత్రిమ మేధ వచ్చాక లెక్క మరింత మారింది. 2024 జనవరి నుంచి చిత్రాలు, వీడియోలను దించుకోవడానికి ఖర్చయ్యే బ్యాండ్‌విడ్త్ (నెట్ సామర్థ్యం) 50 శాతం పెరిగిందని, అన్నిటికన్నా ఖరీదైన రద్దీలో 65 శాతం యంత్రాల వల్లనేనని ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో, మనుషులు చూసే పేజీల సంఖ్య అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 8 శాతం తగ్గిందని ప్రకటించింది. ఆ యంత్రాలు ఇచ్చే జవాబులో కాలువగట్టు గారి వాక్యం కరిగిపోయి వస్తే, దానికి “[మార్చు]” అనే మచ్చ కూడా ఉండదు. అప్పుడు ఏ చరిత్ర పేజీ తెరిచి చూపిస్తాం?

పాత_అచ్చు | సోమవారం, సాయంత్రం 4.00

అంత పెద్ద సంగతి మన చేతిలో లేదు. ఉత్తరం మన చేతిలో ఉంది. కాలువగట్టు గారూ, రాశారా?

కాలువగట్టు | సోమవారం, రాత్రి 8.50

రాశాను. పంపే ముందు ఇక్కడ పెడుతున్నాను, సవరణలు చెప్పండి.

“అయ్యా, మీ సైటులో బకింగ్‌హాం కాలువ గురించి ఉన్న పేజీలోని పాఠ్యం తెలుగు వికీపీడియాలో 2019 ఫిబ్రవరి 11, 14 తేదీల మధ్య ఉన్న వ్యాస రూపానికి అక్షరాలా ప్రతి. ఆ కూర్పు శాశ్వత లింకును జతచేస్తున్నాను. దానిలో అధిక భాగం నేను రాసినది. ఆ పాఠ్యాన్ని మీరు వాడుకోవడానికి, దాని పక్కన ప్రకటనలు వేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. లైసెన్సు మీకు ఆ అనుమతి ఇస్తుంది. అయితే అది విధించే షరతులు మీ పేజీలో నెరవేరలేదు. కాబట్టి పాఠ్యం తెలుగు వికీపీడియాలోని ఆ వ్యాసం నుంచి తీసుకున్నదని ఆ వ్యాసానికే లింకుతో తెలపవలసిందిగా, లైసెన్సు పేరు, లింకు ఇవ్వవలసిందిగా, ఆ పేజీకి ‘సర్వహక్కులు మావే’ అన్న మాట వర్తించదని స్పష్టం చేయవలసిందిగా కోరుతున్నాను. పేజీలోని ఛాయాచిత్రం నేను తీసినది. దాని మీది మీ ముద్రను తొలగించి, నా వాడుకరి పేరు, లైసెన్సు చిత్రం కిందనే తెలపగలరు. చివరిగా, మీ పేజీలో 1887-88 అని ఉన్నది తప్పు, 1877-78 అని ఉండాలి. ఆ తప్పు నాదే. పరీక్షకు చదివే పిల్లలు దాన్ని నమ్ముతున్నారు కనుక ముందుగా దాన్ని దిద్దండి.”

కోర్టు_వాకిలి | సోమవారం, రాత్రి 9.30

“తప్పు నాదే” అన్న వాక్యాన్ని న్యాయవాదిగా కొట్టేయమని చెప్పాలి. కానీ కాపీకి అంతకన్నా గట్టి రుజువు లేదు, ఉంచండి. ఉత్తరం అందిన తేదీకి ఆధారం ఉంచుకోండి, ఈమెయిలుతో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఫొటో విషయంలో 30 రోజుల లెక్క ఆ తేదీ నుంచి మొదలవుతుందని గట్టిగా చెప్పవచ్చు. పేరు చెరిపి ముద్ర వేయడం మీద 2012 సవరణతో వచ్చిన 65-బి సెక్షను కూడా ఉంది; దాన్ని రెండో ఉత్తరానికి దాచుకోండి.

పెరంబూరు_అక్క | సోమవారం, రాత్రి 10.05

పంపే ముందు వారి పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచండి. ఉత్తరం చూసి పేజీ మాయం చేస్తే, తరువాత చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

కాలువగట్టు | రెండు వారాల తరువాత, మంగళవారం, ఉదయం 10.20

ఆలస్యానికి మన్నించండి. పోస్టు అందినట్టు రసీదు వచ్చిన మూడో రోజున పేజీ మారింది. జవాబు మాత్రం రాలేదు. అడుగున “మూలం: వికీపీడియా” అని వచ్చింది; నొక్కితే వ్యాసానికి కాదు, వికీపీడియా ఆంగ్ల మొదటి పేజీకి వెళుతోంది. లైసెన్సు ఊసు లేదు. ఫొటో మీది ముద్ర తీశారు, నా పేరు పెట్టలేదు. కుడి మీట ఇంకా పనిచేయడం లేదు. “[మార్చు]” మాత్రం శ్రద్ధగా తీసేశారు.

సంవత్సరం దిద్దారు. కానీ కాలువ పేజీలోనే దిద్దారు, కింద ఉన్న నాలుగు ప్రశ్నల్లో దిద్దలేదు. ఇప్పుడు పైన 1877-78 అని చదివిన అమ్మాయి, కింద 1887-88 అని గుర్తు పెడితేనే ఆ సైటులో మార్కు వస్తుంది.

పేజీకింత | మంగళవారం, మధ్యాహ్నం 12.40

ప్రశ్నలు వేరే పెట్టెలో ఉంటాయండీ, వేరే మనిషి చేస్తారు. పేజీ దిద్దినవారికి అది కనిపించదు. వారికి రాసేటప్పుడు “ప్రశ్నల విభాగం” అని విడిగా రాయండి, ప్రశ్న సంఖ్య కూడా ఇవ్వండి.

కాలువగట్టు | మంగళవారం, రాత్రి 7.15

అలాగే రాశాను బాబూ, మూడో ప్రశ్న అని. లింకు ఏ పేజీకి వెళ్ళాలో అతికించి మరీ ఇచ్చాను. పై వాటా అమ్మాయికి వ్యాసం చరిత్ర పేజీ ఎలా చదవాలో చూపించాను. తన ఊరి వ్యాసం తెరిచి, అందులో రైల్వే స్టేషను గురించి ఒక వాక్యం తప్పుగా ఉందని తనే దిద్దింది. ఫొటో విషయంలో 30 రోజుల లెక్కలో ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయి. రెండో ఉత్తరం చిత్తుప్రతి కోర్టు_వాకిలి గారికి పంపాను.